బండి సైడ్ ప్యానెల్‌ని ఇంట్లోనే ఫైబర్‌తో చేసుకోవడం ఎలా?

ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి. కెమెరాకి కొంచెం దగ్గరగా పెడతాను. ఇది మా నాన్నగారి బండి ఎడమ పక్క సైడ్ ప్యానెల్. బయట నుంచి చూస్తే కంపెనీదే అనిపిస్తుంది కదా? ఇటు తిప్పితే చూడండి, వెనకాల గాజు పీచు కనిపిస్తోంది. ఇది మా డాబా మీద చేసింది. మొదటిసారే ఇలా వచ్చేసిందని మాత్రం అనుకోకండి. మొదటిసారి ఏం జరిగిందో కూడా ఈరోజు చెప్తాను, అది చెప్పకపోతే ఈ ఎపిసోడ్ వల్ల ఉపయోగం లేదు.

సంగతి ఏంటంటే, ఆ బండి 1990ల నాటిది. సైడ్ ప్యానెల్‌ని పట్టుకునే రబ్బరు బుష్‌లు ఎండిపోయి, ఎక్కడో గతుకులో ఎడమ పక్కది ఊడి పడిపోయింది. నాన్నగారు ఇంటికి వచ్చేదాకా చూసుకోలేదు. వెనక్కి వెళ్లి వెతికాం, దొరకలేదు. పాత సామాన్ల షాపులన్నీ తిరిగాం. దొరికినవి ఈ మోడల్‌కి కూర్చోవు. "కుడి పక్కది ఉంది కదా, దాన్ని అచ్చు తీసి ఎడమది చేసేయొచ్చుగా" అని ఒకరు సలహా ఇచ్చారు. నేనూ ఒక అరగంట అదే అనుకున్నాను. కుదరదండి. కుడి చెయ్యి గ్లౌజు ఎడమ చేతికి ఎక్కదు కదా, ఇదీ అంతే. కుడిదానికి అచ్చు తీస్తే ఇంకో కుడిదే వస్తుంది. ఎడమ పక్కది కావాలంటే ఎడమ పక్కదే నమూనాగా ఉండాలి, లేదా ఆ ఆకారాన్ని మనమే ఫోమ్‌తోనో బంకమట్టితోనో చెక్కుకోవాలి.

మా వీధి చివర మావయ్యగారి దగ్గర అదే మోడల్ బండి ఉంది. ఆయన్ని అడిగితే పాపం స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేకుండా చేత్తోనే పీకి ఇచ్చేశారు, "జాగ్రత్తరా అబ్బాయి, ఇంకోటి లేదు" అని ఒక మాట చెప్పి మరీ. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

సరే, ముందు అసలు ఫైబర్ అంటే ఏంటో రెండు ముక్కలు. మనం ఫైబర్ ఫైబర్ అంటాం కానీ అది ఒక్క వస్తువు కాదు, రెండు వస్తువుల జోడి. పాతకాలం మట్టి గోడల్లో వరిగడ్డి కలిపి తొక్కేవారు. గడ్డి ఒక్కటే గోడ కాదు, మట్టి ఒక్కటే అయితే పగుళ్లిస్తుంది. ఇక్కడ గడ్డి స్థానంలో గాజు పీచు, మట్టి స్థానంలో రెజిన్. లాగినప్పుడు ఆ బలాన్ని తట్టుకునేది గాజు, గాజుని కదలకుండా ఒక ఆకారంలో పట్టి ఉంచేది రెజిన్. 1953లో అమెరికాలో షెవ్రోలే కంపెనీ కార్వెట్ కారుకి మొత్తం బాడీ దీంతోనే చేసింది. మన దేశంలో 1980ల్లో బెంగళూరు నుంచి వచ్చిన సిపానీ డాల్ఫిన్ కారు కూడా ఫైబర్ బాడీయే. అంత దూరం ఎందుకు, మన కాకినాడ, భీమిలి తీరంలో చేపల వేటకెళ్లే పడవల్లో ఎన్ని ఇప్పుడు ఫైబర్‌వో చూడండి. ఉప్పునీళ్లలో కొట్టుకునే పడవకి పనికొచ్చింది సైడ్ ప్యానెల్‌కి పనికిరాకపోదు.

కావాల్సిన సామాను చెప్తాను. చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్, షాపులో మ్యాట్ అంటే చాలు. ఇందులో 300, 450 జి.ఎస్.ఎం. దొరుకుతాయి. అంటే చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు అన్నమాట. తర్వాత జి.పి. రెజిన్, అది పాలిస్టర్ రెజిన్. పైపొరకి జెల్‌కోట్. కోబాల్ట్, క్యాటలిస్ట్. మోల్డ్ రిలీజ్ వ్యాక్స్, పి.వి.ఎ. ద్రవం. పాత బ్రష్షులు, గాడులున్న చిన్న ఇనుప రోలరు, గ్రాములు చూపించే తూకం. తూకం లేకుండా ఈ పని మొదలెట్టొద్దు, కంటి కొలతలు ఇక్కడ పనికిరావు.

లెక్క ఎలా వేసుకోవాలంటే, మా ప్యానెల్ సుమారు 35 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు. అంటే చదరపు మీటరులో పదో వంతు కంటే కాస్త తక్కువ. 450 మ్యాట్ రెండు పొరలు వేస్తే మ్యాట్ సుమారు 80 గ్రాములు. రెజిన్ దానికి రెండున్నర రెట్లు, అంటే 200 గ్రాములు. జెల్‌కోట్ ఒక 50, 60 గ్రాములు. ఒక్కో 450 పొర ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది, కాబట్టి రెండు పొరలు, జెల్‌కోట్ కలిపి రెండున్నర మిల్లీమీటర్లు. సైడ్ ప్యానెల్‌కి చాలు. కానీ అచ్చు, అంటే మోల్డ్, వస్తువు కంటే రెట్టింపు మందం ఉండాలి, చుట్టూ అంచు కూడా కావాలి. దానికి రెజిన్ 700 గ్రాముల దాకా తాగుతుంది. అంటే ఒక్క ప్యానెల్ కోసం చేస్తే అచ్చుకే ఎక్కువ సామాను పోతుంది. ఇది ముందే తెలిస్తే బాధ ఉండదు.

ఇప్పుడు రసాయనాల సంగతి. ఇక్కడ కాస్త నెమ్మదిగా వినండి. రెజిన్ తనంతట తాను గట్టిపడదు. క్యాటలిస్ట్ వేస్తే గట్టిపడటం మొదలవుతుంది, కోబాల్ట్ దాన్ని తొందరపెడుతుంది. కొన్ని షాపుల్లో కోబాల్ట్ ముందే కలిపిన రెజిన్ ఇస్తారు, కొన్నిచోట్ల విడిగా చిన్న సీసాలో ఊదారంగు ద్రవం ఇస్తారు. కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి. విడిగా ఇస్తే ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో బాగా కలిపేసి, అది పూర్తిగా కలిశాకే క్యాటలిస్ట్ వెయ్యాలి. ఈ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపకూడదు. మంట అంటుకుంటుంది, పేలుతుంది కూడా. ఒకటి పోసిన గిన్నెలో, అదే సిరంజితో, రెండోది తీయడం కూడా వద్దు. సీసాలు రెండూ పక్కపక్కన పెట్టొద్దు.

ఇంకోటి, క్యాటలిస్ట్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఒక్క చుక్క చాలు. కళ్లద్దాలు ఉన్నాయిగా అనుకోకండి, పక్కల నుంచి కూడా మూసుకునే గాగుల్స్ పెట్టుకోవాలి. పొరపాటున పడితే రుద్దకుండా వెంటనే ధారగా నీళ్లతో పావుగంటకి తక్కువ కాకుండా కడిగి, కంటి డాక్టరు దగ్గరికి పరిగెత్తడమే. నేను పనిచేసే చోట ముందే ఒక బిందెడు నీళ్లు, చెంబు పెట్టుకుంటాను. మా అమ్మ "పూజకి పెట్టినట్టు పెట్టావేంట్రా" అంటుంది. అననివ్వండి.

క్యాటలిస్ట్ ఎంత వెయ్యాలంటే రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం. 200 గ్రాములకి 3 గ్రాములు వేస్తే మధ్యస్థం. ఎండాకాలం అయితే 1 శాతం దగ్గరికి తగ్గించుకోవాలి. అంతకన్నా తగ్గిస్తే మాత్రం లోపల సరిగ్గా గట్టిపడకుండా ఎప్పటికీ బంకగా ఉండిపోతుంది. నేను ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం ప్లాస్టిక్ మగ్గులో అరకిలో ఒకేసారి కలిపాను. ఫోన్ వస్తే మాట్లాడి వచ్చేసరికి మగ్గులోంచి పొగ. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, లోతైన గిన్నెలో ఆ వేడి బయటికి పోయే దారి లేక ఇంకా తొందరగా గట్టిపడి ఇంకా వేడెక్కుతుంది. మగ్గు కరిగి నేలకి అంటుకుపోయింది, ఆ మచ్చ ఇప్పటికీ డాబా మీద ఉంది. అందుకే 150, 200 గ్రాములకి మించి కలపకండి, కలిపింది వెడల్పాటి ట్రేలో పోసుకోండి, పొద్దున ఎనిమిది లోపు పని ముగించుకోండి. వానాకాలం ముసురులో అసలు మొదలెట్టొద్దు, తేమకి పైపొర సరిగ్గా ఆరదు.

ఇక మొదటి ప్రయత్నం. మావయ్యగారి ప్యానెల్ కడిగి తుడిచి, ఇంట్లో ఉన్న కారు పాలిష్ రెండుసార్లు పూశాను. పి.వి.ఎ. వేద్దామని చూస్తే నీటిబొట్లలా ముడుచుకుపోతోంది, పరుచుకోవట్లేదు. "పాలిష్ ఉందిలే, చాలు" అనుకుని తుడిచేసి, జెల్‌కోట్, దానిమీద మ్యాట్ నాలుగు పొరలు వేసేశాను. మర్నాడు విడదీద్దామంటే రాలేదు. చెక్కముక్క పెట్టి కొట్టాను, రాలేదు. స్క్రూడ్రైవర్ దూర్చాను. టప్ మని శబ్దం వచ్చింది, సంతోషపడ్డాను. చూస్తే విరిగింది అచ్చు కాదు, మావయ్యగారి ప్యానెల్. మూడు ముక్కలు.

ఎందుకు అలా అయిందో తర్వాత తెలిసింది. రెజిన్‌లో స్టైరీన్ అనే ద్రావకం ఉంటుంది. ఆ ఘాటు వాసన దానిదే. సైడ్ ప్యానెల్‌లు ఎక్కువగా ఎ.బి.ఎస్. ప్లాస్టిక్‌తో చేస్తారు. ఎ.బి.ఎస్.ని స్టైరీన్ కరిగిస్తుంది. మధ్యలో పి.వి.ఎ. పొర లేకపోయేసరికి జెల్‌కోట్ ప్లాస్టిక్‌ని కొరికి దాంట్లో కలిసిపోయింది. ఇక అది అంటుకోవడం కాదు, అతుక్కుపోవడమే. ఇంక పి.వి.ఎ. పరుచుకోకపోవడానికి కారణం కారు పాలిష్‌లో ఉండే సిలికాన్. థర్మోకోల్‌ని కూడా పాలిస్టర్ రెజిన్ ఇలాగే తినేస్తుంది, కళ్లముందే గుంట పడిపోతుంది. థర్మోకోల్ మీద చేసుకోవాలంటే ఎపాక్సీ రెజిన్ వాడాలి, లేదా పైన బ్రౌన్ టేపు పూర్తిగా అంటించాలి.

ఆ విరిగిన ముక్కలు సంచిలో వేసుకుని ఉప్పాడ వైపు పడవలు బాగుచేసే ఒక మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన ముక్కల్ని చూసి అడిగిన మొదటి మాట, "మైనం ఎన్నిసార్లు రాశావు బాబూ?" రెండుసార్లు అన్నాను. "కొత్త అచ్చుకి మేం ఆరేడుసార్లు రాస్తాం. నువ్వు రెజిన్ మీద పెట్టిన డబ్బులో పదో వంతు మైనం మీద పెట్టుంటే ఇలా వచ్చేవాడివి కాదు" అన్నారు. ఆయన దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నాను. నాకు తెలిసిన పనిలో సగం ఆ సాయంత్రానిదే.

ఆ తర్వాత మావయ్యగారి దగ్గరికి వెళ్లడం. దారి పొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఆయన ముక్కల్ని చేతిలోకి తీసుకుని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పోన్లే, రెండు బండ్లకీ ఒకే పక్క బోసిగా ఉంటే అన్నదమ్ముల్లా ఉంటాయి" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పుడే అనుకున్నాను, ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటి కాదు, రెండు ప్యానెళ్లు, ముందు ఆయనది అని.

రెండోసారి ముక్కల్ని ఎపాక్సీతో అతికించి, పుట్టీ పెట్టి, 400 నుంచి మొదలెట్టి 1200 నంబరు ఎమరీ దాకా నీళ్లతో రుద్ది, పైన 2కె పెయింట్, అంటే హార్డ్‌నర్ కలిపి కొట్టే రకం వేసి వారం రోజులు ఆరనిచ్చాను. మామూలు ఎన్.సి. పెయింట్ వేస్తే స్టైరీన్‌కి ముడతలు పడి లేచిపోతుంది. నమూనా మీద చిన్న గీత ఉన్నా అచ్చులోకి, అక్కడి నుంచి ప్రతి ప్యానెల్‌లోకి వస్తుంది. అందుకే ఇక్కడ ఒళ్లు వంచితే తర్వాత పని తగ్గుతుంది.

ప్యానెల్ వెనకాల బుష్‌లలోకి దూరే బొడిపెలు ఉంటాయి చూడండి, వాటిని అచ్చులో చేయాలని చూడకండి. లోపలికి తిరిగిన అంచుల్లాగే ఇవి కూడా విడదీసేటప్పుడు పట్టేస్తాయి. వాటిని తర్వాత విడిగా అతికించుకోవాలి. ప్యానెల్ చుట్టూ సన్నపాటి ప్లైవుడ్‌తో అంచు కట్టి, సందుల్లో పిల్లలు ఆడుకునే క్లే నింపాను. అసలైన మోల్డ్ వ్యాక్స్ ఆరుసార్లు, ప్రతిసారీ ఆరనిచ్చి మెరిసేదాకా తుడిచి మళ్లీ పూశాను. దానిమీద పి.వి.ఎ. స్పాంజితో పల్చగా మూడుసార్లు. ఈసారి చక్కగా పరుచుకుని, ఆరాక సన్నటి పాలిథిన్ కవరులా కనిపించింది.

జెల్‌కోట్ అర మిల్లీమీటరు మందం రావాలి. రెండు దఫాలుగా వేస్తే మంచిది. ఎప్పుడు మ్యాట్ వెయ్యాలో వేలితో చూసుకోవాలి. గ్లౌజు వేసుకుని ముట్టుకుంటే బంకగా ఉండాలి కానీ వేలికి రంగు అంటకూడదు. అంతకన్నా ముందు తొందరపడినా, జెల్‌కోట్ మరీ పల్చగా ఉన్నా, పైన వేసే రెజిన్‌కి అది ఉబ్బి మొసలి చర్మంలా ముడతలు పడుతుంది. మొదటి పొర 300 మ్యాట్ వెయ్యండి, మూలల్లోకి బాగా దిగుతుంది. మ్యాట్‌ని కత్తెరతో కాకుండా చేత్తో చింపితే అంచులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. బ్రష్షుతో గోడకి సున్నం వేసినట్టు రాయకూడదు, పొడుస్తున్నట్టు అద్దాలి. తెల్లగా ఉన్న మ్యాట్ రెజిన్ తాగి పారదర్శకంగా అవుతుంది. ఎక్కడైనా తెల్లమచ్చ మిగిలిందంటే అక్కడ గాలి ఉన్నట్టు. రోలరుతో నొక్కి బయటికి తోసేయండి. రెజిన్ ఎక్కువ పోస్తే బలం అనుకోవద్దు, ఎక్కువైతే పెళుసుగా తయారై పగులుతుంది.

అచ్చుని రెండు రోజులు కదపలేదు. మూడో రోజు పొద్దున అంచు సందులో ప్లాస్టిక్ చెక్కలు దూర్చి, గోరువెచ్చని నీళ్లు పోశాను. పి.వి.ఎ. నీళ్లలో కరిగిపోతుంది కదా, నీరు లోపలికి వెళ్లేకొద్దీ మెల్లిగా వదిలింది. ఈసారి టప్ మన్న శబ్దం రాలేదు, తేగ చీల్చినప్పుడు వచ్చే చిన్న శబ్దం వచ్చింది అంతే.

ఇక అచ్చులో ప్యానెల్ చేయడం అంటే మళ్లీ అదే వరస. మైనం, పి.వి.ఎ., జెల్‌కోట్, మ్యాట్ రెండు పొరలు, బొడిపెలు వచ్చే చోట అదనంగా ఒక ముక్క. ఒక చిట్కా చెప్తాను. పూర్తిగా గట్టిపడక ముందు, చెప్పుల తోలులా ఉన్న దశలో, అంచుల్లో మిగిలిన మ్యాట్‌ని కట్టర్ బ్లేడుతో కోసేయొచ్చు. ఆ గంట దాటితే గ్రైండరు పట్టాలి, దుమ్ము లేస్తుంది. ఆ గాజు దుమ్ము ఊపిరితిత్తులకి చెడ్డది, దురద కూడా. నీళ్లతో తడిపి రుద్దండి, దుమ్ముకి పనికొచ్చే మాస్క్ పెట్టుకోండి. రెజిన్ ఆవిరికి మాత్రం గుడ్డ మాస్కు చాలదు, కార్ట్రిడ్జ్ ఉన్నది కావాలి. చేతులు ముందు చన్నీళ్లతోనే కడగండి, వేణ్నీళ్లు పోస్తే దురద ఇంకా ఎక్కువవుతుంది.

బొడిపెలకి ఎం6 బోల్టుని వెడల్పాటి వాషర్‌తో తలకిందులుగా పెట్టి, వాషర్ మీద మ్యాట్ ముక్కలు కప్పి రెజిన్ వేశాను. బండికి పెట్టి చూసి, బోల్టులు బుష్‌లలోకి సరిగ్గా వస్తున్నాయని తేలాకే అతికించాలి. బుష్‌లు కొత్తవి వెయ్యండి. పాత బుష్‌ల వల్లే కదా ఈ గొడవంతా మొదలైంది. సైలెన్సర్‌కి దగ్గరగా వచ్చే ప్యానెల్ అయితే ఇంకో సంగతి. మామూలు జి.పి. రెజిన్ 60, 70 డిగ్రీలు దాటాక మెత్తబడటం మొదలెడుతుంది. మధ్యలో ఖాళీ ఉంచండి, లోపలివైపు అల్యూమినియం ఫాయిల్ టేపు అంటించండి.

కార్బన్ ఫైబర్‌తో చేయొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. చేయొచ్చు, దానికి ఎపాక్సీ రెజిన్, వీలైతే వ్యాక్యూమ్ పంపు కావాలి. న్యూజిలాండ్‌లో జాన్ బ్రిటెన్ అనే ఆయన 1990ల మొదట్లో తన షెడ్డులో చక్రాలతో సహా కార్బన్ ఫైబర్‌తో వి1000 అనే రేసు బైక్ చేశాడు. పెద్ద కంపెనీల బండ్లతో పోటీపడి గెలిచింది కూడా. 1995లో, 45 ఏళ్లకే చనిపోయాడు పాపం. ఆయన ఇంజనీరు, ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్నాడు. మన సైడ్ ప్యానెల్‌కి కార్బన్ అంటే, నా ఉద్దేశంలో, అది మెరుపు కోసమే. ఇంకోటి, మ్యాట్‌లో పీచుని అతికించి ఉంచే జిగురు స్టైరీన్‌కే కరుగుతుంది. అందుకని ఎపాక్సీతో ఈ మామూలు మ్యాట్ వాడితే మూలల్లోకి దిగదు. ఎపాక్సీకి నేసిన గుడ్డే వాడాలి.

ఏం చేయకూడదో కూడా చెప్పాలి. పెట్రోల్ ట్యాంకు వద్దు. ఇప్పుడు మన పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది మామూలు పాలిస్టర్ రెజిన్‌ని మెత్తబరుస్తుంది. పాత విదేశీ బండ్ల ఫైబర్ ట్యాంకులు ఇథనాల్‌కి ఉబ్బిపోయి, కరిగిన రెజిన్ కార్బురేటర్‌లోకి వెళ్లిన సందర్భాలున్నాయి. చక్రం, హ్యాండిల్, ఫుట్‌రెస్ట్, బరువు పడే ఏ భాగమూ వద్దు. చీర గార్డు తీసేసి వెనక స్టైల్‌గా చేద్దామనుకునేవాళ్లకి, అది అలంకారం కాదండి. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రాన్నైనా కప్పాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. 1988 చట్టంలో 52వ సెక్షన్, 2019 జనవరిలో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. పోయిన ప్యానెల్ స్థానంలో అదే ఆకారం, అదే రంగు ప్యానెల్ పెట్టుకోవడం వేరు, బండి రూపమే మార్చేయడం వేరు.

ముందు చేసిన ప్యానెల్‌కి ప్రైమర్, పెయింట్ కొట్టించి మావయ్యగారికి ఇచ్చాను. ఆయన బండికి పెట్టుకుని, రెండడుగులు వెనక్కి వెళ్లి చూసి, "కుడి పక్కది పాతగా కనిపిస్తోందిరా ఇప్పుడు" అన్నారు. రెండోది ఇదిగో, నా చేతిలో ఉన్నది. నిన్ననే ఎమరీ కొట్టాను, రేపు పెయింట్‌కి వెళ్తుంది. కుడి పక్కదానికి కూడా అచ్చు తీయమని ఇద్దరూ అడుగుతున్నారు. ఈసారి నాన్నగారి ప్యానెల్‌నే నమూనాగా పెడతాను, ఆయనకి ఇంకా చెప్పలేదు.